సండే స్కూల్లో ప్రార్థన నేర్పడం: కంఠతా పట్టించాలా, సొంతంగా చెయ్యనివ్వాలా?

మా సండే స్కూల్లో ఏడేళ్ల బాబు ఒకడు ముగింపు ప్రార్థన చేస్తానని చెయ్యెత్తాడు. కళ్లు గట్టిగా మూసుకుని, గొంతు లావు చేసి మొదలుపెట్టాడు: "ప్రేమామయుడవైన పరలోకపు తండ్రీ, ఈ గడియ వరకు మమ్మును కాచి కాపాడిన దేవా, మా పరిచర్యను ఆశీర్వదించండి..." అచ్చం మా అయ్యగారి (పాస్టరు గారి) ధోరణే. అయిపోయాక అడిగాను, "పరిచర్య అంటే ఏంటి నాన్నా?" "ఏమో టీచర్, అయ్యగారు అంటారుగా."

నవ్వొచ్చింది కానీ ఇంటికెళ్లేదాకా ఆ మాట వదల్లేదు. వాడికి ప్రార్థన వచ్చినట్టా, రానట్టా? గుంటూరు వైపు ఒక లూథరన్ సంఘంలో పన్నెండేళ్లుగా పిల్లలకు పాఠం చెబుతున్నాను. ఈలోపు ప్రార్థన నేర్పడానికి ఉన్న పద్ధతులు దాదాపు అన్నీ ప్రయత్నించాను. కొన్ని పనిచేశాయి. ఒకటి మాత్రం బాగా దెబ్బతీసింది, దాని సంగతి కింద చెబుతాను. ఏ పద్ధతి ఎవరికి పనికొస్తుందో, మీకున్న అరగంటలో దేన్ని ఎంచుకోవాలో తేల్చుకోవడానికి ఇది రాస్తున్నాను. నా మొగ్గు ముందే చెప్పేస్తాను: కంఠతా ఒకటి, సొంత మాటలకు దారి తీసేది ఒకటి, రెండూ పక్కపక్కనే నడవాలి. అయితే ఏ వయసులో దేనికి ఎంత పాలు ఇవ్వాలన్న దగ్గరే మనం తప్పులు చేస్తాం.

పరలోక ప్రార్థన కంఠతా

మత్తయి 6వ అధ్యాయంలో యేసు నేర్పిన ప్రార్థన ఇది. లూకా 11లో ఇదే కొంచెం పొట్టిగా ఉంటుంది. అక్కడ శిష్యుల్లో ఒకడే "ప్రార్థన చేయ నేర్పుము" అని అడుగుతాడు. ప్రార్థన అడిగి నేర్చుకునే విషయమేనని, రాకపోతే సిగ్గుపడక్కర్లేదని పిల్లలకు చెప్పడానికి ఇంతకన్నా మంచి చోటు లేదు.

నాలుగైదేళ్ల పిల్లలకు అర్థం తెలియకపోయినా ఇది నోటికి వచ్చేస్తుంది. కొంతమంది టీచర్లు ఇదే తప్పంటారు, అర్థం కాని మాటలు ఎందుకని. నేను ఒప్పుకోను. పిల్లలు అర్థం తెలిసే జోలపాట వింటారా? చిన్నప్పుడు నోట్లో పడ్డ మాటలు పెద్దయ్యాక అవసరమైన రోజున పైకొస్తాయి. ఆసుపత్రి వరండాలో సొంత మాట ఒక్కటీ రాక ఈ ప్రార్థనే మళ్లీ మళ్లీ చెప్పుకున్న పెద్దవాళ్లను చూశాను. ఈ పద్ధతికి అసలు బలం ఇదే. అర్థం తర్వాత చెప్పొచ్చు, కానీ ఆ "తర్వాత" ఎప్పటికీ రాకపోతే మాత్రం తప్పు మనదే.

అందుకే ఒక్కసారిగా మొత్తం వల్లె వేయించకుండా ఆదివారానికి ఒక విన్నపం చొప్పున తీసుకోండి. రెండు నెలలు పడుతుంది, పట్టనివ్వండి. మార్టిన్ లూథర్ 1529లో రాసిన చిన్న కేటకిజం అనే ప్రశ్నోత్తరాల పుస్తకం చేసింది ఇదే: ప్రార్థనను ఏడు విన్నపాలుగా విడగొట్టి, ప్రతిదాని కింద "దీనికి అర్థమేమి?" అని అడిగి జవాబు చెబుతుంది. "అనుదినాహారము" అన్న మాట కింద తిండి, బట్ట, ఇల్లు, మంచి వాతావరణం, మంచి పొరుగువాళ్లు దాకా జాబితా ఉంటుంది. అది చదివి వినిపించి, మీ జాబితా చెప్పండి అంటే మా పిల్లలు అన్నం, పప్పు, ఆమ్లెట్, కరెంటు, అమ్మకు రావాల్సిన జీతం అన్నారు. ఇంకే వివరణ కావాలి?

ఏ పాఠం నేర్పాలన్నది ఇంకో చిక్కు. తెలుగు బైబిల్లో "మా ఋణములు క్షమించుము" అని ఉంటుంది. మన ఆరాధనల్లో చాలాచోట్ల "మా అపరాధములు" అంటాం. కథోలిక పిల్లలు ఇంట్లో నేర్చుకునే పరలోక జపంలో "మా అప్పులను మీరు మన్నించండి" అని వస్తుంది. మా క్లాసులో ఒక పాప అడిగింది, "మా నాన్నకి నిజంగానే అప్పులున్నాయి టీచర్, ఇలా అంటే పోతాయా?" ఆ రోజు నీళ్లు నమిలాను. తర్వాత తట్టింది, మన పిల్లలకు "రుణమాఫీ" అన్న మాట టీవీ వార్తల్లో రోజూ వినిపించేదే. కట్టలేని బాకీని ఎవరో కొట్టేశారంటే వాళ్లకు వెంటనే అర్థమవుతుంది. దేవుడి దగ్గర మన తప్పులు ఆ బాకీలాంటివి, నాన్న బ్యాంకు అప్పు సంగతి వేరే, దాని గురించి విడిగా దేవుణ్ణి అడుగుదాం అని ఆ పాపకు చెప్పాను. కాబట్టి నా సలహా: మీ సంఘం ఆదివారం ఏ మాటలతో చెబుతుందో అవే నేర్పండి. పిల్లలు పెద్దలతో గొంతు కలపగలగాలి. మిగతా మాటలు బైబిల్ తెరిచి చూపించండి చాలు.

ఇంకో ప్రశ్న కూడా తప్పకుండా వస్తుంది: "దేవుణ్ణి నువ్వు అనొచ్చా?" మన పాఠంలో "నీ నామము, నీ రాజ్యము". కథోలికుల పాఠంలో "మీ నామము, మీ రాజ్యము". సొంతంగా ప్రార్థించే పెద్దలు ఒక వాక్యంలో "నీవు", తర్వాతి వాక్యంలో "మీరు" అనడం మనందరం వింటూనే ఉన్నాం. అమ్మను నువ్వు అంటారు, అయ్యగారిని మీరు అంటారు, రెండింటిలోనూ ప్రేమ, గౌరవం ఉండొచ్చు, మీ నోటికి ఏది వస్తే అది అనండి అని చెబుతాను. ఒక్క విషయంలో మాత్రం పట్టుబడతాను: మా అయ్యగారి గొంతు వద్దు, నీ గొంతుతో చెయ్యి.

సొంత మాటలు

కంఠతా పాఠం ఇవ్వలేనిది ఇక్కడుంది. పిల్లవాడి ఇల్లు, కుక్క, చెల్లి, లెక్కల టీచరు, అన్నీ ప్రార్థనలోకి వస్తాయి. కానీ "నీ ఇష్టం వచ్చినట్టు చెయ్యి" అని వదిలేస్తే రెండే జరుగుతాయి. మాటకారి పిల్లలు పెద్దల మాటలు అప్పజెబుతారు, మిగతావాళ్లు నేలచూపులు చూస్తారు. కాబట్టి కొంత ఊతం ఇవ్వాలి.

చిన్నవాళ్లకు నేను వాడేది మూడు మాటలు: థ్యాంక్స్, సారీ, ప్లీజ్. ఎల్‌కేజీ నుంచే వచ్చిన మాటలు కాబట్టి కొత్తగా నేర్పేదేం లేదు. ఒక్కోదానికి ఒక్క వాక్యం. "సారీ" దగ్గర కాసేపు ఎవరూ మాట్లాడరు, ఆ తర్వాత పక్కింటి జామకాయల సంగతి బయటికొస్తుంది.

పదేళ్లు దాటినవాళ్లకు స్తుతి, ఒప్పుకోలు, కృతజ్ఞత, విన్నపం అనే నాలుగు మెట్ల పద్ధతి బాగుంటుంది. ఇందులో కష్టం ఒకటే, స్తుతికీ కృతజ్ఞతకీ తేడా. "అమ్మా, బిర్యానీ చేసినందుకు థ్యాంక్స్" అంటే కృతజ్ఞత. "అమ్మా, నువ్వు భలే మంచిదానివి" అంటే స్తుతి. ఇలా చెప్పాక ఒకడు "రెండోది అంటే అమ్మ అనుమానపడుతుంది టీచర్, ఏదో కావాలనుకుంటుంది" అన్నాడు. స్తుతి పేరుతో దేవుణ్ణి కాకాపట్టే ప్రార్థనల గురించి పెద్దలకు కూడా చెప్పొచ్చేమో ఆ మాట.

ఈ పద్ధతిలో పెద్ద ప్రమాదం, పైకి ప్రార్థించమని బలవంతపెట్టడం. వరసగా ఒక్కొక్కరూ అంటే సిగ్గరి పిల్లలకు ఆదివారం ఉదయం లేవగానే టెన్షన్ మొదలవుతుంది. సమూయేలు తల్లి హన్నా ప్రార్థించినప్పుడు పెదవులు మాత్రమే కదిలాయి, స్వరం వినిపించలేదు, యాజకుడు ఏలీ ఆమె తాగి ఉందనుకున్నాడు. ఆ కథ ముందే చెప్పి, "హన్నాలా చేస్తాను" అనే అవకాశం ఇవ్వండి. మా క్లాసులో అది మామూలు మాటైపోయింది. ముప్పై మంది ఉంటే నలుగురు నలుగురు చొప్పున కూర్చోబెట్టండి. పక్కవాడి ముందు చెయ్యగలిగినవాడు అందరి ముందు చెయ్యలేకపోవచ్చు.

కళ్లు మూసుకోవడం, మోకాళ్లు వంచడం, ఆడపిల్లలు చున్నీ కప్పుకోవడం లాంటి వాటి మీద నేను పెద్దగా సమయం పెట్టను. సంఘం అలవాటు ప్రకారం చేయించండి. కళ్లు తెరిచినవాణ్ణి మాత్రం అందరి ముందు పట్టుకోకండి. యోహాను 17లో యేసే ఆకాశంవైపు కన్నులెత్తి ప్రార్థించాడు. పైగా వాడు కళ్లు తెరిచినట్టు మీకెలా తెలిసింది?

ఐదు వేళ్ల పద్ధతి

బొటనవేలు గుండెకు దగ్గర కాబట్టి ఇంట్లోవాళ్లు, చూపుడువేలు దారి చూపే టీచర్లు, మధ్యవేలు అన్నిటికన్నా పొడుగు కాబట్టి ఏలేవాళ్లు, బలహీనమైన ఉంగరం వేలు రోగులు, పేదవాళ్లు, చిటికెనవేలు నేను. పుస్తకం, చార్టు, ఖర్చు ఏమీ లేకుండా జరిగిపోతుంది. ఆరు నుంచి తొమ్మిదేళ్ల పిల్లలకు దీన్ని మించింది లేదు. రాత్రి పడుకునే ముందు చెయ్యి చూసుకుంటే గుర్తొస్తుంది, కరెంటు పోయినా పనిచేస్తుంది.

లోపం కూడా ఉంది. ఇందులో అడగడమే తప్ప థ్యాంక్స్‌కు, సారీకి చోటు లేదు. ఆరు నెలలు ఇదొక్కటే చేయిస్తే పిల్లల దృష్టిలో ప్రార్థన అంటే అర్జీల జాబితా అయిపోతుంది. చిటికెనవేలు దగ్గరకు త్వరగా వెళ్లాలని మిగతా నాలుగింటినీ గబగబా దాటించేస్తారు కూడా. ఇక మధ్యవేలు. అధికారుల కోసం ప్రార్థించమని పౌలు తిమోతికి రాసిన మాట ఉంది కాబట్టి వదిలెయ్యలేం, కానీ ఎన్నికల ముందు ఆ వేలు దగ్గర జాగ్రత్త. "ముఖ్యమంత్రి గారి కోసం" అని ఒకడు అనగానే ఇంకొకడు కళ్లు తెరిచి "మేము ఆ పార్టీ కాదు" అన్నాడు, ఆమెన్ దాకా వెళ్లలేకపోయాం. అప్పట్నుంచి పేర్లు లేకుండా "మమ్మల్ని పాలించేవాళ్లు" అంటున్నాం.

చీటీల డబ్బా, జవాబుల చార్టు

మొదట్లో చెప్పిన దెబ్బ ఇదే. పిల్లలు విన్నపాలు చీటీల మీద రాసి డబ్బాలో వేస్తారు, జవాబు వచ్చినప్పుడు గోడమీద చార్టులో ఎర్ర నక్షత్రం అంటిస్తాం. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. మూడు నెలల్లో చార్టు నిండింది, సైకిల్ వచ్చింది, జ్వరం తగ్గింది, పరీక్ష పాసయ్యారు. ఒక అబ్బాయి పేరు పక్కన మాత్రం ఒక్క నక్షత్రం లేదు. వాడు ప్రతివారం ఒకే చీటీ వేస్తున్నాడు, నాన్న తాగుడు మానాలని. ఒక ఆదివారం క్లాసు అయ్యాక డబ్బా తెరిచి తన చీటీలు వెతికి తీసుకుంటూ కనిపించాడు. "నాది సరిగ్గా రాయలేదేమో టీచర్, మళ్లీ రాస్తాను" అన్నాడు.

చార్టు ఆ రోజే తీసేశాను. లెక్కలు మార్కులతో నేర్పొచ్చు, ప్రార్థనను అలా నేర్పకూడదు. నక్షత్రం రాని పిల్లవాడు తనలోనే తప్పుందనుకుంటాడు, ఈ వయసులో వాడికి ఇంకో వివరణ తట్టదు.

అందుకని డబ్బా వద్దనను, చార్టు వద్దంటాను. డబ్బా పెడితే మూడు విషయాలు ఖాయం చేసుకోండి. చీటీలు పైకి చదవకూడదు, పల్లెల్లో అయితే మరీనూ, సాయంత్రానికి ఊరంతా తెలుస్తుంది. రెండోది, జవాబు రాని ప్రార్థనల కథలు కూడా పాఠంలో ఉండాలి. దావీదు బిడ్డ కోసం ఉపవాసం ఉండి నేలమీద పడి ప్రార్థించినా బిడ్డ చనిపోయాడు. పౌలు తన శరీరంలోని ముల్లు తీసెయ్యమని మూడుసార్లు వేడుకుంటే "నా కృప నీకు చాలును" అన్న మాట వచ్చింది తప్ప ముల్లు పోలేదు. గెత్సేమనే తోటలో యేసు ప్రార్థన సంగతి పిల్లలకు మట్టల ఆదివారం, గుడ్ ఫ్రైడే మధ్య తప్ప మనం చెప్పం, ఏడాదిలో ఇంకోసారి చెప్పండి. మూడోది, చీటీలో పిల్లలకు దెబ్బలు తగులుతున్నట్టో, ఎవరైనా ఇబ్బంది పెడుతున్నట్టో కనిపిస్తే "ప్రార్థన చేద్దాం" అని పంపించెయ్యకండి. సంఘంలో నమ్మకస్తులైన పెద్దలతో మాట్లాడండి, 1098 చైల్డ్ హెల్ప్‌లైన్ నంబరు దగ్గర ఉంచుకోండి.

పన్నెండేళ్లు దాటినవాళ్లకు డబ్బా కన్నా సొంత నోట్‌బుక్ మేలు. తేదీ వేసి రెండు లైన్లు రాసుకుంటారు, ఎవరూ చూడరు, మీరు కూడా చూడకూడదు. నెలల తర్వాత వెనక్కి తిప్పి చదువుకుంటే వాళ్లకే కనిపించేవి కనిపిస్తాయి.

అందరూ ఒకే హాల్లో ఉంటే

మన సండే స్కూళ్లలో వయసుల వారీ గదులు ఎన్ని చోట్ల ఉన్నాయి? నాలుగేళ్ల నుంచి పద్నాలుగేళ్ల దాకా ఒకే చాప మీద కూర్చోబెట్టి ఒక్క టీచరే చెప్పేచోట పైవి ఏవీ సరిగ్గా సాగవు. అలాంటి వాళ్లకు 136వ కీర్తన పద్ధతి పట్టుకోమంటాను. ఆ కీర్తనలో 26 వచనాలు, ప్రతి వచనం చివర ఒకటే మాట: "ఆయన కృప నిరంతరముండును." ఒక పిల్ల లేచి తనకు ఈ వారం జరిగిన మంచి ఒకటి చెబుతుంది, అందరూ కలిసి ఆ పల్లవి అంటారు. చిన్నవాళ్లు పల్లవితో ఉంటారు, పెద్దవాళ్లు వచనాలు కడతారు. పది నిమిషాల్లో అయిపోతుంది, అటు కంఠతా, ఇటు సొంత మాట, రెండూ పడతాయి. వీబీఎస్ (సెలవుల బైబిల్ బడి) రోజుల్లో వంద మంది ఉన్నా ఇది నడిచింది.

మౌనం గురించి ఒక్క మాట. "నీ దాసుడు ఆలకించుచున్నాడు" అన్న సమూయేలు కథ చెప్పాక ఒక నిమిషం నిశ్శబ్దంగా కూర్చోబెట్టి చూడండి. బయట మైకులో పాట సాగుతుంటే కష్టమే. నిమిషం చాలు, రెండో నిమిషానికి గిల్లుకోవడం మొదలవుతుంది.

ఏ భాషలో?

హైదరాబాద్‌లో ఉన్నా డల్లాస్‌లో ఉన్నా తెలుగు సంఘాల టీచర్లకు ఉన్న తలనొప్పి ఒకటే. పిల్లలకు తెలుగు చదవడం రాదు, "పరిశుద్ధపరచబడుగాక" నోరు తిరగదు. కొందరు మొత్తం ఇంగ్లిష్‌కు మారిపోతారు, కొందరు ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు రాసిచ్చి చదివిస్తారు. నా లెక్క ఇది: పరలోక ప్రార్థన ఒక్కటి తెలుగులో, చెవితో, రాత లేకుండా నేర్పండి. ఫోన్‌లో అమ్మమ్మతో కలిసి చెప్పగలిగే ప్రార్థన ఒక్కటైనా వాళ్ల దగ్గర ఉంటుంది. సొంత ప్రార్థన మాత్రం ఏ భాషలో తమ్ముడితో పోట్లాడతారో ఆ భాషలోనే. మనసులో మాట అనువాదం చేసుకుని చెప్పమంటే సగం దారిలోనే ఆగిపోతుంది.

వేరే ఇళ్ల నుంచి వచ్చే పిల్లలు

స్నేహితుల వెంట క్రైస్తవేతర ఇళ్ల పిల్లలు కూడా వస్తారు. పాటల కోసమో, క్రిస్మస్ నాటకంలో గొర్రెల కాపరి వేషం కోసమో, చివర్లో ఇచ్చే బిస్కెట్ల కోసమో. వాళ్లను వరసలో నిలబెట్టి ప్రార్థించమనడం సరికాదు. ముందు ఇంటికెళ్లి అమ్మానాన్నలతో మాట్లాడండి, ఇక్కడ ఏం చెబుతామో దాపరికం లేకుండా చెప్పండి, వద్దంటే వద్దు. వచ్చిన పిల్లలు పాట పాడినా, ఊరికే విన్నా ఇబ్బంది లేకుండా చూడండి. ఈ విషయంలో మరో పద్ధతి గురించి నేను ఆలోచించను.

మరి ఎంపిక?

క్లాసు కొత్తగా మొదలుపెడుతున్నారా, మొదటి రెండు నెలలు పరలోక ప్రార్థనకే ఇవ్వండి, వారానికి ఒక విన్నపం. చివరి ఐదు నిమిషాలు మూడు మాటల పద్ధతి. ఇప్పటికే పిల్లలకు కంఠతా వచ్చి ఉంటే, అదీ రైలు వేగంతో చెబుతుంటే, కొన్నాళ్లు దాన్ని పక్కన పెట్టి ఐదు వేళ్లకు వెళ్లండి, తర్వాత మళ్లీ నెమ్మదిగా తీసుకురండి. యౌవనస్తుల గుంపుకు దగ్గర్లో ఉన్నవాళ్లయితే నాలుగు మెట్లు, నోట్‌బుక్. టీచరు ఒక్కరే ఉంటే 136వ కీర్తన. ఒకేసారి రెండు పద్ధతులకు మించి పెట్టుకోకండి, అరగంటలో కానుక పట్టాలి, కంఠత వాక్యం అప్పజెప్పాలి, హాజరు వెయ్యాలి.

ప్రార్థన బాగా చేసినవాళ్లకు బహుమతి అనేది మాత్రం ఏ పద్ధతిలోనూ పెట్టొద్దు. వాక్యం అప్పజెప్పినందుకు పెన్సిల్ ఇవ్వండి, అది చదువు. ప్రార్థనకు పెన్సిల్ ఇస్తే మరుసటి వారం నుంచి అందరూ అయ్యగారి గొంతుతోనే చేస్తారు.

ఇంకొకటి, డబ్బులు ఖర్చు కానిది. నెలకోసారి సంఘంలో ఒక నాయనమ్మను క్లాసుకు పిలిచి, మీ చిన్నప్పుడు దేవుణ్ణి ఏం అడిగేవారో చెప్పండి అని అడగండి. మా దగ్గరకు వచ్చినావిడ తెల్లవారుజామున నాలుగింటికి లేచి ప్రార్థించే మనిషి. పిల్లలు పెద్ద ఉపన్యాసం వస్తుందని సర్దుక్కూర్చున్నారు. ఆవిడ "చెప్పులు కావాలని అడిగేదాన్ని, పొలంలో కాళ్లు కాలేవి" అంది. ఆ తర్వాత రెండు నిమిషాలు మామూలు మాటలతో ప్రార్థన చేసింది. కళ్లు మూసుకోలేదు. ఎందుకని ఓ పిల్ల అడిగితే, "గుమ్మం దగ్గర నా చెప్పులున్నాయి తల్లీ, మొన్ననే కొన్నాను" అంది.